విటమిన్ డి 17 వచ్చింది, మరి ధమనుల సంగతేంటి?

డెబ్బై నాలుగేళ్ల పెద్దాయన ఒకరు రక్తపరీక్ష కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారనుకుందాం. విటమిన్ డి అని ఉన్న వరుసలో 17 అనే అంకె మిగతావాటికంటే లావుగా అచ్చయింది. పక్కన కిందికి చూస్తున్న బాణం. పోయిన నెల బీపీ చూస్తే పైది 164, కిందిది 72. "రక్తనాళాలు కాస్త గట్టిపడ్డాయి, వయసు కదా" అన్నారు డాక్టరు. కూతురు ఈ రెండు ముక్కలూ కలిపి ఫోన్లో వెతికింది. మొదట వచ్చిన వార్త: విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు అరవై శాతం ఎక్కువ. దాని కిందనే ఇంకొకటి: విటమిన్ డి మాత్రలతో గుండెకు ఒరిగేదేమీ లేదు.

"నాన్నా, వీళ్లలో ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారు" అంది.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు వార్తల వెనుకా నిజమైన పరిశోధనలే ఉన్నాయి. కాకపోతే అవి వేసిన ప్రశ్నలు వేరు. మొదటిది "ఈ రెండూ కలిసి కనిపిస్తున్నాయా?" అని అడిగింది. రెండోది "ఒకదాన్ని సరిచేస్తే రెండోది సరవుతుందా?" అని అడిగింది. ఈ తేడా పట్టుకోవాలంటే ముందు ఆ 17 ఏమిటో, "రక్తనాళాలు గట్టిపడటం" అంటే ఏమిటో విడివిడిగా చూడాలి.

పేరుకు విటమిన్, పని హార్మోనుది

విటమిన్ డి ముడిసరుకు మన చర్మంలోనే ఉంటుంది. దాని పేరు 7-డీహైడ్రోకొలెస్ట్రాల్. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో ఇది ఆఖరి మజిలీ. అందరూ తిట్టే కొలెస్ట్రాల్‌కూ అందరూ మెచ్చే విటమిన్ డికీ పుట్టిల్లు ఒకటే అన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక సన్నని పట్టీ, సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యది, చర్మం మీద పడితే ఈ పదార్థం రూపు మారి, ఒంటి వేడికి డి3 అవుతుంది. అది కాలేయంలోకి వెళ్లి 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుతుంది. అక్కడినుంచి కిడ్నీలకు చేరి, కాల్సిట్రయాల్ అనే అసలు పనిచేసే రూపం తీసుకుంటుంది. పేగుల్లో కాల్షియం, ఫాస్ఫేటు పీల్చుకునేలా చేసేది ఈ చివరి రూపమే.

ల్యాబు కొలిచేది మాత్రం మధ్యలోదాన్ని. కారణం సులువు. మధ్య రూపం రక్తంలో రెండు మూడు వారాలు నిలుస్తుంది కాబట్టి నిల్వ ఎంతుందో చెప్తుంది. కాల్సిట్రయాల్ కొన్ని గంటల్లోనే మాయమవుతుంది. పైగా నిల్వ తగ్గుతున్నకొద్దీ పారాథైరాయిడ్ హార్మోను కిడ్నీల మీద ఒత్తిడి పెట్టి దాన్ని తయారు చేయిస్తూనే ఉంటుంది. అందువల్ల నిల్వ అడుగంటినా కాల్సిట్రయాల్ మామూలుగానే కనిపించవచ్చు. ఇల్లు గడుస్తున్నంత మాత్రాన గాదె నిండుగా ఉందని అనుకోలేం కదా.

వయసు మీదపడ్డాక ఈ వరుసలో కొన్ని మెట్లు కుంటుపడతాయి. ఎనభైకి దగ్గరైనవాళ్ల చర్మంలో ముడిసరుకు ఇరవై ఏళ్లవాళ్లతో పోలిస్తే సగానికంటే తక్కువ. బయట తిరగడం తగ్గుతుంది. కిడ్నీల సత్తువ తగ్గుతుంది. ఒళ్లు పెరిగితే, కొవ్వులో కరిగే విటమిన్ కనుక అది కొవ్వులో దాక్కుంటుంది, రక్తంలో కనిపించేది తగ్గుతుంది. కాబట్టి పెద్దవాళ్లలో అంకె తగ్గడం వింతేమీ కాదు. దాని వెనుక కారణం ఏమిటన్నదే అసలు మెలిక. ఈ మాట కాస్త గుర్తుంచుకుంటే ముందుముందు పనికొస్తుంది.

17 నిజంగా తక్కువేనా?

ముందు కొలమానం సంగతి. ఆ కాగితంలో 17 అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో 17 నానోగ్రాములు. కొన్ని దేశాల ల్యాబులు లీటరుకు నానోమోల్స్‌లో రాస్తాయి. మొదటిదాన్ని 2.5తో హెచ్చవేస్తే రెండోది వస్తుంది: 17 × 2.5 = 42.5. ఒకే మనిషికి ఒకచోట 17 అనీ, ఇంకోచోట 42 అనీ వస్తే రెట్టింపుకు మించి పెరిగిందని సంబరపడటానికి లేదు, అంతకుముందు తగ్గిందని దిగులుపడటానికీ లేదు. మాత్రల లెక్కలోనూ ఇలాంటి రెండు నాలుకలే: 1 మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. 20 మైక్రోగ్రాములన్నా, 800 యూనిట్లన్నా ఒకటే.

ఇక హద్దు ఎక్కడ? దీనిమీద పెద్ద పెద్ద సంస్థలకే పొత్తు కుదరలేదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో 20 ఉంటే దాదాపు అందరికీ, అంటే 97.5 శాతం మందికి, సరిపోతుందని చెప్పింది. అదే ఏడాది హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 20 లోపుంటే లోపం, 30 దాటితేనే చాలినంత అని గీత గీసింది. ఆ ఒక్క గీతతో కోట్లమంది ఆరోగ్యవంతులు "కొరత" ఖాతాలో పడ్డారు. 2024లో అదే సొసైటీ తన పాత 30 హద్దును తానే పక్కనపెట్టింది. ప్రత్యేక కారణం లేని ఆరోగ్యవంతులకు ఈ పరీక్ష మామూలుగా చేయించడాన్ని సిఫారసు చేయబోమనీ, 75 దాటినవాళ్లకు పరీక్షతో పనిలేకుండానే రోజువారీ డోసు ఇవ్వడం మేలనీ సూచించింది. పెద్దవాళ్లలో ఆ సూచనకు ఆధారం మరణాల లెక్కలు. రక్తనాళాల మీద ప్రత్యేకమైన ప్రభావం కనబడిందని కాదు.

20 అనే హద్దులోనూ ఒక సూక్ష్మం ఉంది. అది దాదాపు అందరికీ సరిపోవాలని ఎత్తుగా పెట్టిన గీత. సగటు మనిషి అవసరం 16 దగ్గర ఆగుతుందని ఆ లెక్కలే చెప్తున్నాయి. పెద్ద దుస్తుల కొట్టువాడు అందరికీ పట్టేలా ఒకే కొలత చొక్కా కుట్టాలంటే మహా లావు మనిషిని దృష్టిలో పెట్టుకుంటాడు. ఆ చొక్కా వదులైన ప్రతివాడూ చిక్కిపోయినట్టు కాదు. అలా చూస్తే 17 ఉన్న మనిషికి అది చాలుతూ ఉండవచ్చు, చాలకపోనూ వచ్చు. అదే రక్తాన్ని ఇంకో పద్ధతిలో కొలిస్తే రెండు మూడు నానోగ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. చలికాలం చివర తీసిన రక్తానికీ వేసవి చివర తీసిన రక్తానికీ తేడా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ హద్దులన్నీ ఎముకలను చూసి గీసినవి. ధమనులను చూసి గీసిన హద్దు ఏదీ లేదు.

ధమని జబ్బు అంటే ఒక్క జబ్బు కాదు

"రక్తనాళాలు పాడయ్యాయి" అనే ఒక్క మాట కింద కనీసం మూడు సంగతులు దాక్కుని ఉంటాయి. ధమని గోడకు మూడు పొరలు. లోపలి పొర మీద ఒక కణం మందాన పరుచుకున్న నునుపైన అస్తరు ఉంటుంది. మధ్య పొరలో సాగే ఎలాస్టిన్ తంతువులు, కండర కణాలు ఉంటాయి. బయటిది ఆసరా.

లోపలి పొరలో కొవ్వు, వాపు కణాలు చేరి పూడిక కట్టడం ఒకటి. గుండెపోటుకు ఎక్కువగా కారణమయ్యేది ఇదే. మధ్య పొరలో ఎలాస్టిన్ తెగిపోయి, దాని చోట బిరుసైన కొల్లాజెన్ చేరి గొట్టం సాగే గుణం పోవడం రెండోది. కాల్షియం ఉప్పులు పేరుకోవడం మూడోది. ఇది పూడికలోనూ జరుగుతుంది, మధ్య పొరలోనూ జరుగుతుంది. మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో మధ్య పొర ముఖ్యంగా దెబ్బతింటుంది.

వీటిని కొలిచే పద్ధతులూ వేరువేరు. కాల్షియాన్ని స్కాన్‌లో లెక్కిస్తారు. పూడికను మెడ ధమని గోడ మందాన్ని బట్టి అంచనా కడతారు. గట్టిదనాన్ని నాడి అల ఎంత వేగంగా పరుగెత్తుతోందో చూసి తెలుసుకుంటారు. ఈ చివరిది కాస్త విప్పి చూద్దాం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక ఒత్తిడి అల ధమని గోడల వెంట పోతుంది. మెడ దగ్గరా తొడ మొదట్లోనూ ఆ అల చేరిన సమయాలు పట్టుకుంటారు. మధ్య దూరం అర మీటరు, పట్టిన సమయం 0.08 సెకను అయితే వేగం సెకనుకు 6 మీటర్ల పైచిలుకు. అదే దూరం 0.04 సెకనులో దాటితే 12.5 మీటర్లు. మెత్తటి గొట్టంలో అల నెమ్మదిగా, బిరుసు గొట్టంలో వడిగా పోతుంది. సెకనుకు 10 మీటర్లు దాటితే గట్టిపడినట్టు లెక్క.

పెద్దాయన బీపీలోనూ ఇదే కథ ఉంది. 164లోంచి 72 తీసేస్తే 92. సాగే ధమని గుండె తోసిన రక్తాన్ని కాస్త ఉబ్బి ఇముడ్చుకుని, తర్వాత మెల్లగా వదులుతుంది. అప్పుడు పైదానికీ కిందిదానికీ తేడా 40 చుట్టూ ఉంటుంది. ఉబ్బలేని ధమనిలో పైది ఎగబాకుతుంది, కిందిది దిగజారుతుంది. డాక్టరు ఏ స్కానూ తీయకుండానే "గట్టిపడ్డాయి" అనడానికి ఆధారం ఆ 92.

డికీ ధమనికీ మధ్య దారులు

ఈ రెండింటికీ లంకె ఉండవచ్చని అనుమానించడానికి గట్టి కారణాలే ఉన్నాయి. విటమిన్ డి వచ్చి అతుక్కునే గ్రాహకాలు ధమని లోపలి అస్తరులో, మధ్య పొర కండర కణాల్లో, పూడికలో చేరే తెల్ల కణాల్లో కూడా ఉన్నాయి. తాళం ఉందంటే తాళంచెవికి అక్కడేదో పని ఉందనే అర్థం. ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకల్లో రెనిన్ అనే పదార్థం పెరిగి బీపీ పెరిగినట్టు 2002లో తేలింది. గాజు పాత్రల్లో పెంచిన అస్తరు కణాలకు విటమిన్ డి చేరిస్తే నాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ తయారవుతుంది. డి తగ్గినప్పుడు పెరిగే పారాథైరాయిడ్ హార్మోను కూడా నాళాలకు అంత మంచిది కాదు.

ఇదంతా ఎలుకలు, కణాల సాక్ష్యం. గ్రాహకం పూర్తిగా లేని ఎలుకకూ, డి 17 ఉన్న మనిషికీ పోలిక పెట్టడం అంత సులువు కాదు.

తక్కువ ఉన్నవాళ్లకే జబ్బు ఎక్కువ: అది నిజమే

కూతురు చదివిన అరవై శాతం అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలోంచి వచ్చినట్టుంది. అక్కడ సగటున 59 ఏళ్ల వయసున్న 1,739 మందిని అయిదేళ్లకు పైగా గమనించి, 2008లో ఫలితాలు చెప్పారు. డి 15 కంటే తక్కువ ఉన్నవాళ్లకు గుండె, రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే 1.62 రెట్లు. బీపీ ఉన్నవాళ్లను విడిగా చూస్తే 2.13 రెట్లు. అదే ఏడాది వెలువడిన ఇతర అధ్యయనాలూ ఇదే వైపు మొగ్గాయి. ధమనుల గట్టిదనాన్ని కొలిచిన చోట్ల కూడా డి తక్కువగా ఉన్న పెద్దవాళ్లలో అల వేగం ఎక్కువగా ఉన్నట్టు తరచూ కనిపించింది.

ఇక్కడే తిరకాసు. విటమిన్ డికి ధమనితో ఏ సంబంధమూ లేని ఒక ఊహాలోకాన్ని కడదాం. అందులో 75 ఏళ్లవాళ్లు 200 మంది. వంద మంది రోజూ బయట నడుస్తారు, వంద మంది గడప దాటరు. ధమని గట్టిపడటం అక్కడ ఒక్క నడకనే బట్టి ఉంటుంది: నడిచేవాళ్లలో నూటికి 20 మందికి, నడవనివాళ్లలో నూటికి 50 మందికి. ఎండ తగిలేది నడిచేవాళ్లకే గనుక వాళ్లలో 20 మందికి మాత్రమే డి తక్కువ. ఇంట్లో ఉండేవాళ్లలో 70 మందికి తక్కువ.

ఇప్పుడు నడక సంగతి మరిచి, రక్తపరీక్ష ఒక్కటే చూద్దాం. డి తక్కువ ఉన్నవాళ్లు 20 + 70 = 90 మంది. వాళ్లలో ధమనులు గట్టిపడినవాళ్లు 4 + 35 = 39. అంటే 43 శాతం. డి బాగా ఉన్నవాళ్లు 110 మంది. వాళ్లలో గట్టిపడినవాళ్లు 16 + 15 = 31. అంటే 28 శాతం. 43ను 28తో భాగిస్తే ఒకటిన్నర రెట్లు దాటింది. వార్తాపత్రిక శీర్షికకు ఇంతకంటే ఏం కావాలి? కానీ మనం కట్టిన లోకంలో డి ఏ పాపమూ ఎరగదు.

పరిశోధకులు అమాయకులేం కాదు. నడక, బరువు, పొగ తాగడం, మధుమేహం అన్నిటినీ లెక్కలోకి తీసుకుని సవరిస్తారు. అయితే సవరణ ఎంత బాగుంటుందన్నది ఆ సంగతులను ఎంత బాగా కొలిచారన్నదాన్ని బట్టి ఉంటుంది. "వారానికి ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు?" అని ఒక్క ప్రశ్న వేసి, ఒక మనిషి జీవనశైలి మొత్తం పట్టుకున్నాం అనుకోవడం కష్టం.

ఇంకో చిక్కు, బండి ముందా గుర్రం ముందా అన్నది. మోకాలి శస్త్రచికిత్స అయినవాళ్ల రక్తం పరీక్షిస్తే రెండు మూడు రోజుల్లోనే డి బాగా పడిపోయింది. అంత తొందరగా ఎండ కరువు రాదు. ఒంట్లో వాపు రేగడమే దానికి కారణం. ధమనుల్లో పూడిక కట్టడం కూడా ఏళ్ల తరబడి సాగే సన్నని వాపే. అలాంటప్పుడు డి తగ్గి ధమని చెడిందా, ధమని చెడుతున్నందుకే డి తగ్గిందా? ఒక్కసారి తీసిన రక్తం దీనికి జవాబు చెప్పలేదు.

ఈ దారిలో వైద్యం ఇదివరకూ బోర్లా పడింది. బీటా కెరోటిన్ ఎక్కువ ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చూసి, ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది: బీటా కెరోటిన్ పుచ్చుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ.

మాత్రలిచ్చి చూస్తే ఏమైంది

ఈ చిక్కులన్నిటినీ ఒక్క దెబ్బతో తెంపే ఉపాయం లాటరీ. వేలమందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు మాత్ర, ఇంకో జట్టుకు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. నడిచేవాళ్లు, నడవనివాళ్లు, వాపు ఉన్నవాళ్లు, లేనివాళ్లు రెండు జట్లలోకీ సమంగా పంపిణీ అవుతారు. ఇక తేడా కనిపిస్తే అది మాత్రదే.

అన్నిటికంటే పేరున్నది అమెరికాలో జరిగిన వైటల్ ట్రయల్. 50 దాటిన మగవాళ్లు, 55 దాటిన ఆడవాళ్లు మొత్తం 25,871 మంది. రోజుకు 2,000 యూనిట్లు, అయిదేళ్లకు పైగా. మాత్ర వేసుకున్న 12,927 మందిలో పెద్ద గుండెజబ్బు లేదా పక్షవాతం వచ్చినవాళ్లు, ఆ కారణాలతో చనిపోయినవాళ్లు 396 మంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 12,944 మందిలో 409. శాతాల్లో 3.06, 3.16. అంత పెద్ద గుంపులో 13 మంది తేడా కాకతాళీయంగా కూడా వస్తుంది. మాత్ర ఒంటికి పట్టక అలా అయిందనుకోవడానికి లేదు. వేసుకున్నవాళ్ల రక్తంలో డి సగటున 30 దగ్గర నుంచి 42 దాకా పెరిగింది. అంకె పెరిగింది, గుండె లెక్క మారలేదు.

న్యూజిలాండ్‌లో జరిగిన వైడా ట్రయల్‌లో 50 నుంచి 84 ఏళ్ల 5,110 మంది ఉన్నారు. నెలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చారు. గుండె, నాళాల జబ్బులు డి జట్టులో 11.8 శాతం, ఇంకో జట్టులో 11.5. అంతకుముందే 36 వేల మందికి పైగా స్త్రీలకు కాల్షియంతో పాటు 400 యూనిట్ల డి ఏడేళ్లు ఇచ్చిన ట్రయల్‌లోనూ గుండెకు లాభం కనిపించలేదు. 2019లో 21 ట్రయల్స్‌ను, 83 వేల మందికి పైగా మనుషులను ఒక్కచోట చేర్చి చూసినా ఇదే మాట.

నేరుగా ధమనులనే కొలిచినవాటిలో స్కాట్లండ్ ట్రయల్ మన పెద్దాయనకు బాగా దగ్గర. 70 దాటి, పై బీపీ మాత్రమే ఎక్కువ ఉన్న 159 మంది. సగటు వయసు 77. డి సగటున 18. మూడు నెలలకోసారి లక్ష యూనిట్లు, ఏడాది పాటు. డి పెరిగింది, బీపీ తగ్గలేదు, నాడి అల వేగం తగ్గలేదు, లోపలి అస్తరు పనితీరూ మెరుగవలేదు.

ట్రయల్స్ మీద వచ్చిన అభ్యంతరాలు

డి పక్షం వహించేవాళ్లు ఊరుకోలేదు, వాళ్ల వాదనలో పస ఉంది కూడా. కడుపు నిండిన మనిషికి విస్తరి వేసి, తింటే బలం రాలేదని తీర్మానించినట్టుంది అన్నారు. వైటల్‌లో చేరినవాళ్ల సగటు డి 30 దగ్గర ఉంది. 20 లోపు ఉన్నవాళ్లు ఎనిమిదో వంతుకు మించరు. పైగా ఉత్తుత్తి మాత్ర జట్టువాళ్లు సొంతంగా రోజుకు 800 యూనిట్ల దాకా వేసుకోవచ్చని అనుమతి ఉంది. ఇంకో అభ్యంతరం డోసు తీరు మీద: నెలకోసారి లక్ష యూనిట్లు ఒక్కసారే పోస్తే, ఆ విటమిన్‌ను విరగ్గొట్టే ఏర్పాట్లను శరీరం చురుకు చేస్తుంది, రోజూ కొంచెం ఇవ్వడం వేరు. మూడోది కాలం గురించి. ధమని గట్టిపడటానికి నలభై ఏళ్లు పట్టినప్పుడు అయిదేళ్ల మాత్రతో ఏం తేలుతుంది?

వీటికి ఎదురు జవాబులూ ఉన్నాయి. వైటల్‌లో 20 లోపు ఉన్నవాళ్లను విడిగా చూసినా లాభం కనబడలేదు. స్కాట్లండ్‌లోనైతే సగటే 18. అయిదేళ్లు చాలవన్న వాదన నాకు అంతగా ఆనలేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు, బీపీ మందులు అయిదేళ్లలోపే తేడా చూపించాయి.

కానీ కథ అంత ఏకపక్షంగానూ లేదు. వైడా ట్రయల్‌లోనే దాదాపు అయిదు వందల మంది ధమనులను ఏడాది తర్వాత విడిగా కొలిచారు. మొత్తంమీద తేడా లేదు. మొదట్లో 20 లోపు ఉన్నవాళ్లలో మాత్రం గట్టిదనం తాలూకు కొన్ని కొలతలు కాస్త మెరుగయ్యాయి. ఇంకా ఆసక్తికరమైనది ఆస్ట్రేలియాలోని డి-హెల్త్ ట్రయల్. 60 నుంచి 84 ఏళ్ల 21 వేల మందికి పైగా మనుషులు, నెలకు 60,000 యూనిట్లు, అయిదేళ్ల వరకూ. 2023లో వచ్చిన ఫలితం: పెద్ద గుండె, నాళాల సంఘటనలు ఉత్తుత్తి జట్టులో 6.6 శాతం, డి జట్టులో 6.0 శాతం. వెయ్యి మందికి ఆరుగురు తక్కువ. ఇంకోలా చెప్తే, ఒక్కరికి తప్పడానికి దాదాపు 170 మంది అయిదేళ్లు వేసుకోవాలి. తొమ్మిది శాతం తగ్గుదల అని కొన్నిచోట్ల శీర్షికలు పెట్టింది దీన్నే. అయితే ఆ తొమ్మిది చుట్టూ ఉన్న అనిశ్చితి పట్టీ 19 శాతం తగ్గుదల నుంచి 1 శాతం పెరుగుదల దాకా పరుచుకుంది. సున్నా కూడా ఆ పట్టీలోనే ఉంది. ఇది "పనిచేస్తుంది" అనడానికి చాలదు, "ఏమీ లేదు" అని కొట్టిపారేయడానికీ మనసొప్పదు.

పుట్టుకతో పడిన లాటరీ

ట్రయల్ కాల వ్యవధి చిక్కును దాటడానికి జన్యువులను వాడుకునే పద్ధతి ఒకటుంది. కొందరికి పుట్టుకతోనే డి కాస్త తక్కువ ఉండేలా జన్యువులు వస్తాయి. అవి నడకను బట్టో, బరువును బట్టో రావు, తల్లిదండ్రుల నుంచి యాదృచ్ఛికంగా వస్తాయి. అంటే ప్రకృతే జీవితకాలపు ట్రయల్ నడిపినట్టు. అలా చూసినప్పుడు జన్యుపరంగా డి తక్కువ ఉన్నవాళ్లకు గుండె ధమనుల జబ్బు ఎక్కువేమీ కనిపించలేదు.

మరి బాగా తక్కువ ఉన్నవాళ్లను మాత్రమే విడదీసి చూస్తే? 2021లో ఒక పెద్ద అంతర్జాతీయ బృందం అలా చూసి, అడుగు మెట్టు మీద ఉన్నవాళ్లలో మరణాలకూ డికీ కారణ సంబంధం ఉందన్నట్టు రాసింది. తర్వాత వేరే పరిశోధకులు ఆ లెక్కల పద్ధతికే పరీక్ష పెట్టారు. డి జన్యువులు మనిషి వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ మారుస్తున్నట్టు ఆ పద్ధతి చూపించింది! అది జరగని పని కనుక పద్ధతిలోనే లోటుందని తేలింది. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసిన లెక్కలతో 2024లో మళ్లీ ప్రచురించారు. మొదట కనిపించిన సంబంధం నిలవలేదు. మొదటి వ్యాసం ఆధారంగా రాసిన వార్తలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఎక్కువైతే ధమనిలో సున్నం

మితిమీరిన విటమిన్ డి ధమనులకు చేసే చెరుపు గురించి మాత్రం ఎవరికీ అనుమానం లేదు. ప్రయోగశాలలో ఎలుకల ధమనుల్లో కాల్షియం పేరుకునేలా చేయాలంటే పరిశోధకులు వాడే మామూలు ఉపాయం విటమిన్ డి భారీ డోసే. రక్తంలో కాల్షియం, ఫాస్ఫేటు రెండూ పెరిగినప్పుడు మధ్య పొర కండర కణాలు తమ స్వభావం మార్చుకుని ఎముక కణాల్లా ప్రవర్తిస్తాయి. ధమని గోడ కొంత ఎముకవుతుందన్నమాట.

ఇది విన్నవాళ్లు రోజుకు 800 యూనిట్ల మాత్రకే భయపడుతుంటారు. ఆ భయానికి ఆధారం కనిపించదు. రోజుకు 2,000 ఇచ్చిన వైటల్‌లో రక్తంలో కాల్షియం ఎక్కువైనవాళ్లు రెండు జట్లలోనూ ఒకే మాదిరిగా ఉన్నారు. విషపూరితం అయ్యేది సాధారణంగా రక్తంలో 150 దాటినప్పుడు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4,000 యూనిట్లను పైహద్దుగా పెట్టారు. కానీ ఒక్కసారే కుమ్మరించడం వేరే సంగతి. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది స్త్రీలకు ఏడాదికోసారి అయిదు లక్షల యూనిట్లు ఇస్తే, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగింది. పడిపోవడమూ పెరిగింది.

డితో పాటు విటమిన్ కె2 కలిపితే కాల్షియం ధమనుల్లోంచి ఎముకల్లోకి మళ్లుతుందని ఒక ప్రచారం ఉంది. దాని వెనుక ఉన్న శాస్త్రం ఊహించదగినదే: ధమని గోడలో కాల్షియాన్ని అడ్డుకునే ఒక ప్రోటీన్ పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. డెన్మార్క్‌లో 365 మంది పెద్ద వయసు మగవాళ్లకు కె2, డి కలిపి రెండేళ్లు ఇచ్చి చూశారు. గుండెలోని బృహద్ధమని కవాటంలో కాల్షియం పేరుకునే వేగం తగ్గలేదు.

కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పినదేదీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు యథాతథంగా వర్తించదు. వాళ్లలో ఆఖరి మెట్టు మార్పే సరిగ్గా జరగదు, ఫాస్ఫేటు బయటికి పోదు, ధమనుల మధ్య పొరలో కాల్షియం చాలా ముందే మొదలవుతుంది. వాళ్లకు వాడే డి రూపాలు, డోసులు, చూసే పరీక్షలు అన్నీ వేరు.

తేలకుండా మిగిలిన మూల

ఇంత జరిగాక కూడా ఒక గుంపు గురించి గట్టి జవాబు లేదు. 10 లోపు డి ఉన్న పెద్దవాళ్లు: ఏళ్లుగా మంచానికో, నాలుగు గోడలకో పరిమితమైనవాళ్లు. వైడా ఉప అధ్యయనంలో కనిపించిన చిన్న మెరుగు నిజమైతే, అది ఎక్కువగా కనిపించాల్సింది వీళ్లలోనే. మన పెద్దాయన 17 ఈ మూలలోకి రాదు. ఆయన అంకె చుట్టుపక్కల ఉన్నవాళ్ల మీద జరిగిందే ఆ స్కాట్లండ్ ట్రయల్.

ఆ మూలలో ట్రయల్ ఎందుకు జరగలేదు? డి-హెల్త్‌లో 21 వేల మందిని తీసుకుంటేనే ఫలితం అటూ ఇటూ ఊగింది. 10 లోపు ఉన్నవాళ్లనే అంతమందిని పోగు చేయాలంటే లక్షలమందికి రక్తపరీక్షలు చేయాలి. చేశారే అనుకుందాం. దొరికినవాళ్లలో సగం మందికి అయిదేళ్లు ఉత్తుత్తి మాత్ర ఇవ్వాలి. అంత తక్కువ డితో ఎముకలు మెత్తబడతాయని, కండరాలు నీరసపడతాయని ముందే తెలుసు. ధమని సంగతి తేల్చుకోవడం కోసం వాళ్ల ఎముకలను పణంగా పెట్టడానికి, పరిశోధనలకు అనుమతిచ్చే ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు.